ఎన్ అక్షరం లేని మిషన్: ‘మిజరీ’ నవల, సినిమా

మా ఊళ్లో 22 ఏళ్లు టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపాను. అందుకేనేమో, స్టీఫెన్ కింగ్ ‘మిజరీ’ (1987) అనగానే అందరూ గొడ్డలి గురించి చెబుతారు, నాకు మాత్రం టైప్ మిషన్ గుర్తొస్తుంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 120 రూపాయలకు కొన్న పాత ప్రతి. మూడు రాత్రుల్లో పూర్తి చేశాను.

పాల్ షెల్డన్ పేరుమోసిన రచయిత. అమెరికాలోని కొలరాడోలో మంచు తుఫానులో కారు బోల్తా పడి రెండు కాళ్లూ విరుగుతాయి. ఆనీ విల్క్స్ అనే మాజీ నర్సు అతన్ని ఇంటికి మోసుకెళ్లి కట్లు కడుతుంది. అతని పుస్తకాలంటే ఆమెకు ప్రాణం. తనకిష్టమైన నాయికను పుస్తకంలో చంపేశాడని తెలిశాక, ఇంకో కథ రాసి ఆమెను బతికించి తీరాలని పాత రాయల్ మిషన్ తెచ్చి ముందు పెడుతుంది. దానికి ఎన్ లేదు.

ఎన్ కుడి చూపుడు వేలు కిందికి దించి కొట్టే అక్షరం. అది లేకుండా ఇంగ్లిష్‌లో ఒక్క లైను కూడా సాగదు. పాల్ రాస్తున్న కథ పేజీలు నా ప్రతిలో మిషన్ మీద కొట్టినట్టే ఉన్నాయి, ఎన్‌లు చేత్తో దిద్ది మరీ. కొన్నాళ్లకు టి ఊడిపోతుంది, తర్వాత ఇ కూడా. ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా ఎక్కువ కొట్టేది ఆ రెండే. మా దగ్గర ఒక మిషన్‌కి ఇ సగం అరిగితేనే టైప్ హయ్యర్ (పై స్థాయి) పరీక్షకు వెళ్లే పిల్లలు దాని ముందు కూర్చోవడానికి ఒప్పుకునేవారు కాదు. అలాంటిది ఈయన అక్షరాలు రాలిపోతున్నా కొడుతూనే ఉంటాడు. భయంతో మొదలుపెట్టినవాడు, తర్వాత ఏమవుతుందో తనకే తెలుసుకోవాలనిపించి రాస్తాడు. నొప్పి మాత్రలకు బానిసైనట్టే ఆ కథకూ బానిసవుతాడు. నవల బలమంతా ఇక్కడే ఉంది.

1990లో రాబ్ రైనర్ తీసిన సినిమాలో ఈ లోపలి గొడవ తగ్గింది. మిషన్ ఉంది, ఎన్ లేదన్న మాటా ఉంది, కానీ ఆ పేజీలు మన కళ్ల ముందు పాడవ్వవు. స్క్రీన్‌ప్లే రాసిన విలియం గోల్డ్‌మన్ వయసు మళ్లిన షెరీఫ్‌నీ అతని భార్యనీ తెచ్చాడు. ఆ ఇద్దరూ ముచ్చటగా ఉన్నారు, కానీ వాళ్లు కనిపించినప్పుడల్లా మనకు ఊపిరి ఆడుతుంది. నవలలో దాదాపు చివరిదాకా ఆ ఇల్లు దాటి బయటికి రానివ్వరు.

అయినా సినిమా వదలొద్దు. కారణం కాథీ బేట్స్. ఈ పాత్రకే ఆమెకు ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. ఆనీ నవ్వుతూ మాట్లాడుతుండగానే ముఖంలో వెలుగు ఆరిపోతుంది. కిందటి క్షణం దాకా సూప్ తినిపించిన మనిషేనా అనిపిస్తుంది. పాల్ దొంగచాటుగా గది బయటికి వచ్చినప్పుడు కదిలిపోయిన, ఎప్పుడూ దక్షిణం వైపే చూడాల్సిన పింగాణీ పెంగ్విన్ బొమ్మ దగ్గర మా అమ్మాయి “అమ్మా, ఆమెకి తెలిసిపోయింది!” అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నవలలో గొడ్డలితో జరిగేది సినిమాలో సుత్తితో జరుగుతుంది. రక్తం తగ్గింది, కానీ నేను తలతిప్పుకున్నది సినిమాలోనే.

ముందు నవల చదవండి, ఆ తర్వాతే సినిమా. గుండె జబ్బున్నవాళ్లు, ఈమధ్యే కాలు విరిగి మంచాన ఉన్నవాళ్లు మాత్రం కొన్నాళ్లు ఆగండి. పాత ప్రతి కొనేటప్పుడు మధ్యలో పేజీలు తిప్పి, ఆ దిద్దిన ఎన్‌లు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి.