పచ్చళ్ల వ్యాపారానికి ఆడిటర్ సేవ: ఏడాది అనుభవం

ఆవకాయ, గోంగూర పచ్చళ్లను ఆన్‌లైన్‌లో అమ్మే మా చిన్న వ్యాపారానికి ఏ రూపం ఇవ్వాలో తేల్చుకోవడానికి గుంటూరులో ఒక ఆడిటర్ గారిని ఆశ్రయించాము. ఎల్ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యత వారి పెట్టుబడి వరకే ఉండే సంస్థ) పెడదామని వెళ్లిన మమ్మల్ని ఆయన ఆపి, పాత క్యాలెండరు కాగితం వెనుక లెక్క వేసి చూపించారు. సొంత పేరు మీద నడిపితే, 2 కోట్ల టర్నోవరు వరకు, బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో కనీసం 6 శాతాన్ని పన్ను లెక్కకు లాభంగా చూపే వెసులుబాటు ఉంటుంది. అంటే 20 లక్షల అమ్మకాలకు 1.2 లక్షలు. ఎల్ఎల్‌పీకి ఆ సౌకర్యం లేకపోగా, లాభంపై 30 శాతం పన్నుతో పాటు ఏటా ఫారం 8 (లెక్కల పత్రం), ఫారం 11 (వార్షిక రిటర్ను) దాఖలు చేసే పని కూడా మీద పడుతుంది. అయితే సొంత పేరు మీద నడిపే వ్యాపారంలో అప్పులకు ఇల్లూ వాకిలీ కూడా పూచీయేనని ఆయన దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

హైదరాబాదుకు ఒక్క జాడీ పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే కనుక, 40 లక్షల వార్షిక టర్నోవరు పరిమితితో నిమిత్తం లేకుండా జీఎస్టీ నమోదు తప్పదని అక్కడే తెలిసింది. మా అమ్మగారు మాత్రం ఈనాటికీ నమ్మరు.

ఆయన సేవలో లోపమల్లా గడువుల విషయంలోనే. నెలవారీ జీఎస్టీ రిటర్ను రెండుసార్లు 20వ తేదీ దాటింది. రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము మేమే కట్టాము. సలహాకు మాత్రం నిస్సంకోచంగా వెళ్లవచ్చు.