పైథాన్‌లోకి కొత్త ఫీచర్లు వచ్చే దారి: చాలాకాలం వాడాక నా సమీక్ష

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద సమీక్షలు బోలెడు ఉన్నాయి. నేను రాస్తున్నది ఆ భాషలోకి ఏది రావాలి, ఏది రాకూడదు, ఏది పోవాలి అని తేల్చే పద్ధతి గురించి. 2.7 వెర్షన్ వాడిన కాలం నుంచి పైథాన్‌లోనే పని చేస్తున్నాను. ఎవరో ఎప్పుడో రాసిన సర్వర్ కోడ్‌ను కొత్త వెర్షన్లకు మార్చుకుంటూ రావడమే నా పనిలో ఎక్కువ భాగం. అందుకే కొత్త రిలీజ్ రాగానే ముందు ఏం తీసేశారో చూస్తాను, ఏం చేర్చారో తర్వాత.

పద్ధతి క్లుప్తంగా ఇదీ. పెద్ద మార్పు కావాలనుకున్నవాళ్లు పెప్ అనే ప్రతిపాదన పత్రం రాయాలి. ఆ మార్పు ఎందుకు కావాలి, పాత కోడ్ ఏమవుతుంది, కొత్తవాళ్లకు ఎలా నేర్పాలి, వేరే దారులను ఎందుకు వద్దనుకున్నారు, ఇవన్నీ అందులో ఉండాలి. చర్చ అయ్యాక ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ తేలుస్తుంది. కౌన్సిల్‌ను కోర్ డెవలపర్లు, అంటే పైథాన్ అసలు కోడ్‌ను చూసుకునేవాళ్లు, ఓటు వేసి ఎన్నుకుంటారు. ఒకే సంస్థ ఉద్యోగులు ఇద్దరికి మించి ఉండకూడదు. 2018 దాకా చివరి మాట భాషను సృష్టించిన గైడో వాన్ రోసమ్‌దే. ఒక పేరులో విలువను నింపుతూనే దాన్ని అక్కడే వాడుకోనిచ్చే := గుర్తు (వాల్రస్ అని పిలుస్తారు) మీద వాదన బాగా వేడెక్కింది. ఆయన దాన్ని ఆమోదించి, ఆ జూలైలోనే బాధ్యత నుంచి తప్పుకున్నారు. 2019లో మొదటి కౌన్సిల్ వచ్చింది.

ఐదుగురి చేతిలో పెడితే భాషకు ఒక తీరంటూ లేకుండా పోతుందేమో అని అప్పట్లో చాలామంది భయపడ్డారు. వాడకంలో నాకు అలా అనిపించలేదు. నాకు బాగా నచ్చింది వద్దన్నప్పుడు కూడా కారణం రాసిపెట్టడం. విలువను బట్టి చాలా దారుల్లో ఒకటి ఎంచుకునే స్విచ్ వాక్యం కథే చూడండి. దాని మీద 2006లో గైడోనే ఒక పెప్ రాశారు. మరుసటి ఏడాది పైకాన్ అనే పైథాన్ వాడకందారుల సభలో అడిగితే జనం నుంచి మద్దతు రాలేదు. దాంతో పక్కన పెట్టేశారు. ఆ తర్వాత 2021లో 3.10తో మ్యాచ్-కేస్ వచ్చింది. ఇది పాత స్విచ్ కాదు, డేటా ఆకారాన్ని బట్టి విడదీసే పనిముట్టు. రకరకాల మెసేజ్‌లు వచ్చిపడే మా కోడ్‌లో పొడుగాటి ఇఫ్-ఎల్సిఫ్ వరసలు దీనివల్ల చదవగలిగేలా అయ్యాయి. కేస్ పక్కన ఉత్త పేరు రాస్తే అది పోల్చదు, ఆ పేరులో విలువను నింపేస్తుంది. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ తప్పకుండా తడబడతారు. అయితే ఈ అభ్యంతరం చర్చలో వచ్చింది, దానికి జవాబు కూడా పెప్‌లో ఉంది. ఆ జవాబుతో నేను పూర్తిగా ఒప్పుకోను. కానీ ఎందుకలా చేశారని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక పేజీ ఉంది, దాని విలువ ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

ఈ పద్ధతి మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం 2021 ఏప్రిల్‌లో. టైప్ అనోటేషన్లను (ఏ పేరులో ఏ రకం విలువ ఉండాలో చెప్పే గుర్తులను) వెంటనే లెక్కగట్టకుండా అక్షరాలుగా దాచే మార్పు 3.7లో కోరుకున్నవాళ్లకు మాత్రమే అందుబాటులోకి వచ్చింది. 3.10లో అందరికీ అదే అమలు కావాలని నిర్ణయం. బీటాకు, అంటే పరీక్ష కోసం ముందుగా వదిలే వెర్షన్‌కు, కొద్ది వారాల ముందు డేటాను సరిచూసే పైడాంటిక్ లైబ్రరీ రచయిత ముందుకొచ్చి, ప్రోగ్రామ్ నడుస్తుండగా అనోటేషన్లను చదివే లైబ్రరీలకు ఇది పెద్ద దెబ్బ అని వివరించారు. పైడాంటిక్ మీద ఆధారపడ్డ ఫాస్ట్ ఏపీఐ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లంతా కంగారుపడ్డారు. మా సర్వీసులు కూడా వాటి మీదే నడుస్తున్నాయి కాబట్టి ఆ రోజుల్లో నాకూ టెన్షన్ తప్పలేదు. కౌన్సిల్ ఆ మార్పును ఆపేసింది. అప్పటికే కోడ్ చేరిపోయింది, ప్రకటన అయిపోయింది, అయినా వెనక్కి తీసుకున్నారు. దాని స్థానంలో, అవసరం వచ్చినప్పుడే అనోటేషన్లను లెక్కగట్టే వేరే పరిష్కారాన్ని 2023లో ఆమోదించారు. అది 2025 అక్టోబరులో 3.14తో చేతికొచ్చింది. నాలుగేళ్లు పట్టిందని విసుక్కున్నవాళ్లు ఉన్నారు. ఆ నాలుగేళ్లలో అనోటేషన్ల వల్ల మా కోడ్ ఒక్కచోట కూడా విరగలేదు, నాకు అదే ముఖ్యం.

నా అసలు ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. ఆ దెబ్బ తప్పింది చివరి వారాల్లో ఒక లైబ్రరీ రచయిత గట్టిగా చెప్పినందుకే. సాధారణ వాడకందారు గొంతు అంత ముందుగా వినబడే ఏర్పాటు లేదు. 3.9 నుంచి ఏడాదికో రిలీజ్. మొదటి బీటా మామూలుగా మే నెలలో వస్తుంది, ఆ తర్వాత కొత్త ఫీచర్లకు తలుపు మూసేస్తారు. మామూలు వాడకందారుల్లో చాలామంది కొత్త వెర్షన్‌ను ముట్టుకునేది అక్టోబరులో పూర్తి రిలీజ్ వచ్చాకే.

తీసివేతల విషయంలో ఇది ఇంకా ఇబ్బంది. నిబంధన ప్రకారం దేన్నైనా తీసే ముందు కనీసం రెండు రిలీజ్‌లపాటు హెచ్చరించాలి. చాలాసార్లు అంతకన్నా ఎక్కువ గడువే ఇస్తారు. కలెక్షన్స్ మాడ్యూల్‌లోంచి మ్యాపింగ్ లాంటి పేర్లను నేరుగా తీసుకోవడం పాత పద్ధతి అని 2012లో 3.3తోనే ప్రకటించారు. 3.9లో తీయాల్సింది ఇంకో ఏడాది ఆగి 3.10లో తీశారు. ఇంత ఓపిక పట్టినా, అప్పుడు మేం వాడుతున్న ఒక చిన్న లైబ్రరీ ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయింది. కారణం సులభం: లైబ్రరీల లోపలి నుంచి వచ్చే డెప్రికేషన్ వార్నింగ్‌లు (ఇది ముందుముందు పోతుందనే హెచ్చరికలు) మామూలుగా కనిపించవు. డిఫాల్ట్‌గా దాచేస్తారు. పైటెస్ట్ అనే పనిముట్టుతో టెస్టులు నడిపేవాళ్లకు చివర్లో కనబడతాయి. టెస్టులు లేని పాత స్క్రిప్టుల యజమానికి మొదటి కబురే ఎర్రర్. 3.13లో వెబ్, నెట్‌వర్క్ పనులకు వాడిన సీజీఐ, టెల్నెట్ వంటి పాత మాడ్యూళ్లను తీసేసినప్పుడు కూడా ఇదే జరిగింది. వాటిని తీయడం సరైనదే, చూసుకునే మనిషి లేని కోడ్ భద్రతకు ముప్పు. కానీ కబురు చేరే దారిని బాగుచేయకుండా గడువు పెంచుకుంటూ పోతే ఫలితం ఉండదు.

ఇంకొకటి, కొత్త సింటాక్స్‌ను, అంటే కోడ్ రాసే కొత్త తీరును, ముందు జనం చేతిలో పెట్టి చూసే అలవాటు పైథాన్‌కు చాలా తక్కువ. జావా భాషలో ప్రివ్యూ అని ఒక దశ ఉంది. స్ట్రింగ్ టెంప్లేట్లు అనే ఫీచర్‌ను 21, 22 వెర్షన్లలో ప్రివ్యూగా ఇచ్చి, నచ్చక 23లో తీసేశారు. ఎవరి ప్రొడక్షన్ కోడూ దాని మీద నిలబడి లేదు కాబట్టి నష్టం పరిమితం. వాల్రస్‌కు ఇలాంటి దశ ఒకటి ఉండి ఉంటే 2018 వాదన అంత చేదుగా ఉండేది కాదని నా నమ్మకం. జిల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే లోపలి తాళం) లేని పైథాన్ విషయంలో మాత్రం కౌన్సిల్ దాదాపు ఇలాగే నడుచుకుంది. అవసరమైతే వెనక్కి తీసుకుంటామనే షరతుతో 2023లో ఒప్పుకుంది. 3.13లో విడి బిల్డ్‌గా, ప్రయోగంగా ఇచ్చింది. 3.14లో అధికారిక మద్దతు ఇచ్చినా ఐచ్ఛికంగానే ఉంచింది. ఆ బిల్డ్ మీద మా బ్యాచ్ పనులను తీరిగ్గా నడిపి చూడగలిగాను, నేను వాడే, సీ భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్లలో ఏవి సిద్ధంగా లేవో ముందే తెలిసింది. సింటాక్స్‌కు కూడా ఈ మర్యాద దక్కాలి.

ఏమీ లేదని సూచించే నన్ (None) విలువను సులువుగా దాటించే ఆపరేటర్ల ప్రతిపాదన 2015 నుంచి ఉంది. నాకు అది కావాలి, రోజూ కావాలి. అది వాయిదా అనే స్థితిలోనే ఏళ్లుగా ఉండిపోయింది. వద్దని తేలిస్తే మా సొంత హెల్పర్ ఫంక్షన్లను స్థిరంగా రాసుకుంటాం, సరే అంటే ఎదురుచూస్తాం. ఈలోగా మే నెలలో బీటా రాగానే మా సీఐలో (కోడ్‌ను దానంతటదే పరీక్షించే ఏర్పాటులో) దాన్ని అదనపు వరసగా పెడుతున్నాను, వార్నింగ్‌లన్నీ ఎర్రర్లుగా మార్చి. ఏదైనా విరిగితే అప్పుడే బగ్ రిపోర్ట్ రాస్తాను. బీటా దశలో పంపినవాటికి జవాబు త్వరగా వస్తోంది.