వర్డ్‌ప్రెస్ కొత్త ఎడిటర్‌లో సీస పద్యానికి చోటు దొరికింది

బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో 5.0 వెర్షన్ వచ్చింది 2018 డిసెంబరు 6న. మనకు అలవాటైన పాత ఎడిటర్ పోయి, టపాని పేరా, బొమ్మ లాంటి విడివిడి ముక్కలుగా, అంటే బ్లాకులుగా రాయించే గూటెన్‌బర్గ్ అనే బ్లాక్ ఎడిటర్ అప్పుడే వచ్చి కూర్చుంది. దాని హంగులు ఇప్పటికి అందరికీ తెలిసినవే, మళ్లీ చెప్పను. నేను రాస్తున్నది అందులోని ఒకే ఒక్క బ్లాక్ గురించి. దాని పేరు వెర్స్. పద్యం పెట్టి, కింద ప్రతిపదార్థం, తాత్పర్యం రాసే నాలాంటివాళ్లకి ఈ అప్‌గ్రేడ్ మొత్తంలో దక్కిన అసలు లాభం అదే.

అచ్చు పుస్తకాల్లో సీసం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. ఎడమ అంచున "సీ." అని ఉంటుంది. ఒక్కో పాదంలో ఆరు ఇంద్ర గణాలు, రెండు సూర్య గణాలు (గణం అంటే పాదాన్ని కొలిచే అక్షరాల గుంపు). ఒక వరుసలో పట్టదు కాబట్టి నాలుగు ఇంద్ర గణాలు పైన వేసి, మిగిలిన రెండు ఇంద్ర, రెండు సూర్య గణాలు కింది వరుసలో కాస్త లోపలికి జరిపి వేస్తారు. చివర "తే." అనో "ఆ." అనో వేసి ఎత్తుగీతి, అంటే సీసాన్ని ముగించే తేటగీతో ఆటవెలదో. ఆ లోపలికి జరపడం అందం కోసం కాదు. ఛందస్సు తెలియనివాళ్లకి కూడా పాదం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగి చదవాలో చూడగానే తెలిసిపోతుంది.

వెబ్ పేజీలో ఈ పద్ధతి కుదిరేది కాదు. హెచ్‌టీఎంఎల్‌లో మామూలుగా స్పేసులు వరసగా ఎన్ని కొట్టినా ఒకటే కనిపిస్తుంది. అందుకని పాత ఎడిటర్‌లో హెచ్‌టీఎంఎల్ కోడ్ కనిపించే టెక్స్ట్ ట్యాబ్‌లోకి వెళ్లి, ప్రతి వరుస ముందూ స్పేస్ కోడ్ చేత్తో పెట్టుకుంటూ పోయేవాణ్ణి. ఈ బాధ పడలేక కొందరు పద్యాన్ని ఫొటోగా పెట్టేవారు. ఫొటోలో ఉన్న పద్యం వెతికితే దొరకదు, కాపీ చేసుకోవడానికి వీలుండదు. నాకు అది ఎప్పుడూ ప్రాణం ఒప్పలేదు.

అప్‌గ్రేడ్ అయిన కొత్తలో బ్లాకులంటే విసుగే వచ్చింది. ఎంటర్ కొట్టినప్పుడల్లా కొత్త పేరా బ్లాక్ తయారయ్యేది. ఎనిమిది వరుసల సీసం, నాలుగు వరుసల గీతి కలిపి పన్నెండు ముక్కలు! పాత ఎడిటర్‌ని తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ వేసుకుని వెనక్కి పోదామనే అనుకున్నాను. బ్లాకుల జాబితా చివరిదాకా చూస్తుంటే వెర్స్ కంటపడింది. అందులో ఎంటర్ కొడితే కొత్త వరుసే వస్తుంది, కొత్త బ్లాక్ రాదు. కొట్టిన స్పేసులు కొట్టినట్టే ఉంటాయి. పుస్తకం పక్కన పెట్టుకుని ఒక సీసం మొత్తం టైప్ చేసి ప్రివ్యూ నొక్కాను. "సీ." ఎడమన, పాదం రెండో సగం లోపలికి, కింద గీతి, అంతా పుస్తకంలో ఉన్నట్టే నిలబడింది. కోడ్ ఒక్క అక్షరం రాయలేదు. ఆ పూట పాత టపాలు ఒకటి తర్వాత ఒకటి తెరుస్తూ కూర్చున్నాను.

పాత టపాలు మార్చడమూ అనుకున్నంత కష్టం కాదు. పాతది తెరిస్తే మొత్తం ఒకే క్లాసిక్ బ్లాక్‌గా కనిపిస్తుంది. బ్లాకులుగా మార్చమంటే ముక్కలు చేస్తుంది. పద్యం వరుసలు ఒకే పేరాలో ఉంటే, ఆ పేరాని నేరుగా వెర్స్‌గా మార్చుకోవచ్చు. ఒక్కో వరుస ఒక్కో పేరాగా ఉన్నవి మాత్రం ఓపిగ్గా ఒకచోట చేర్చుకోవాలి.

కొన్నేళ్లు వాడాక కొన్ని సంగతులు చెప్పక తప్పదు. "అంతా పుస్తకంలో ఉన్నట్టే" అన్నది కంప్యూటర్ తెర వరకే నిజం. నేను అప్పట్లో వాడిన థీమ్‌లో (బ్లాగు రూపాన్ని నిర్ణయించే మూసలో) పద్యం ఒక ఫాంటులో, తాత్పర్యం ఇంకో ఫాంటులో వచ్చేవి. ఫోన్‌లో పొడుగు వరుసలు తెర దాటిపోయి పక్కకి జరిపి చదవాల్సి వచ్చేది. పేజీ రూపాన్ని మార్చే సీఎస్ఎస్ కోడ్‌లో రెండు వరుసలు చేర్చాక ఫాంటు కలిసింది, వరుసలు తెరలోపలే మడుచుకుంటున్నాయి. కానీ అలా మడిచిన ముక్క ఎడమ అంచుకి వచ్చేస్తుంది. అప్పుడు ఏది పాదం మొదలో, ఏది మడతో తెలియదు. ఇప్పుడు చాలామంది చదివేది ఫోన్‌లోనే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. అందుకే ఈమధ్య రెండో సగం ముందు తక్కువ స్పేసులే పెడుతున్నాను. మరొకటి, స్లాష్ కొట్టి బ్లాక్ పేరు రాసే సౌకర్యం. నా డాష్‌బోర్డు ఇంగ్లీషులో ఉంది, తెలుగు కీబోర్డుతో పేరు రాస్తే బ్లాక్ దొరకదు. ప్రతిసారీ కీబోర్డు మార్చుకోవాలి.

కథలు, వ్యాసాలు రాసే మిత్రుడొకరు ఇప్పటికీ క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్‌తోనే ఉన్నారు. ఆయన్ని మారమని నేను అనను. ఆ ప్లగిన్‌ని 2021 చివరిదాకానే చూసుకుంటామని మొదట్లో చెప్పినా, తర్వాత గడువు పొడిగించారు. వరసగా పేరాలు రాసుకుపోయేవాళ్లకి అది చాలు. నా సంగతి వేరు, నా టపాల్లో సగం పద్యాలే, రాసేది కంప్యూటర్ ముందు కూర్చునే. మీరూ పద్యాలు పెట్టేవాళ్లైతే ముందు ఒక్క సీసం వెర్స్‌లో వేసి, ఫోన్‌లో తెరిచి చూసుకోండి. మీ థీమ్‌లో అది బాగా కనిపిస్తేనే పాత టపాలు ముట్టుకోండి.