హన్మకొండలో జాజ్ రికార్డులు విని కొనుక్కునే చోటు

హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, బయటికి రేడియో, టేప్‌రికార్డర్ల రిపేరు దుకాణంగా మాత్రమే కనిపించే చిన్న గది ఉంది. దాని లోపలి గోడ పొడవునా గ్రామఫోన్ రికార్డులు నిలబెట్టి ఉన్నాయన్న సంగతి వరంగల్‌లో చాలామందికి తెలియదు. పాత తెలుగు, హిందీ సినిమా పాటల కోసం వచ్చేవారే అక్కడ ఎక్కువ. అయినా జాజ్ వినేవారూ, కొత్తగా విందామనుకునేవారూ హైదరాబాదుకు బయలుదేరే ముందు ఈ దుకాణాన్ని ఒకసారి చూడాలని గట్టిగా చెబుతాను. ఇక్కడ రికార్డును విని కొనుక్కోవచ్చు. నా దృష్టిలో ఆ ఒక్క సౌకర్యమే మిగతా లోపాలన్నిటినీ మరిపిస్తుంది.

అడిగిన రికార్డును యజమాని కవరులోంచి అంచులు పట్టుకుని తీసి, ట్యూబులైటు వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూపిస్తారు. పైపైన మెరిసే సన్నని గీతలు చాలావరకు వినపడవనీ, గోటికి తగిలే గీత మాత్రం చుట్టు చుట్టుకూ టక్కుమంటుందనీ ఆయన ఓపికగా వివరిస్తారు. ఆ తర్వాత “ముందు వినుండ్రి సార్, మంచిగ అనిపిస్తెనే తీసుకపోండ్రి” అంటూ ముల్లు దించుతారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రికార్డు ఎండకు వంగిపోయి ఇంటికి చేరిన అనుభవం ఉన్నవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

నేను అక్కడ విని తెచ్చుకున్నది అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కొత్త ముద్రణ. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో రికార్డయిన ఈ ఆల్బమ్‌కు ఒక చరిత్ర ఉంది. మార్చి నాటి రికార్డింగులో టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో, ఆ టేపును మామూలు వేగంతో వినిపించినప్పుడు మొదటి వైపున్న మూడు రచనలూ దశాబ్దాలపాటు అసలు శ్రుతి కంటే కొద్దిగా ఎక్కువలో వినిపించాయి. 1992 నాటి పునర్ముద్రణలో దాన్ని సరిదిద్దారు. శ్రుతి పట్టింపు ఉన్న చెవికి ఇది చిన్న తేడా కాదు. దుకాణంలో ఉన్నది సరిదిద్దిన ముద్రణేనని యజమాని అడగకుండానే చెప్పడం నాకెంతో నచ్చింది. అందులోని తొలి రచన ‘సో వాట్’లో పాల్ చాంబర్స్ బేస్ (మంద్రంగా మోగే పెద్ద తంత్రీవాద్యం) ఎత్తుకున్న ప్రశ్నకు మిగతావారు రెండే స్వరాలతో బదులిస్తూ సాగాక, డేవిస్ ట్రంపెట్ అందుకునే క్షణాన డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ (కంచు తాళం) మీద వేసే దెబ్బ ఒకటుంది. అరిగిన రికార్డులో అది బుస్సుమని ఆగిపోతుంది. ఇక్కడ ఆ కంచు నాదం, కిందనుంచి ట్రంపెట్ లేస్తుండగా, సన్నబడుతూ చాలాసేపు నిలిచింది. ధర అడగకముందే కొనాలని నిర్ణయించుకున్నాను.

తొమ్మిది నిమిషాలు దాటిన ఆ రచన ఎల్పీ (ఎక్కువసేపు మోగే లాంగ్ ప్లే రికార్డు) లేకపోతే ఒక్క వైపున పట్టేదే కాదు. అంతకుముందు వాడిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల 78 రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే దక్కేవి. 1948లో కొలంబియా సంస్థ ఎల్పీని తెచ్చాకే జాజ్ విద్వాంసులు అప్పటికప్పుడు అల్లి వాయించే మనోధర్మానికి రికార్డు మీద చోటు చిక్కింది. ఆ మూడు నిమిషాల్లోనే తొలితరం జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎంత చెప్పగలిగారో వినాలన్నా ఇక్కడ వీలుంది. కాజీపేట రైల్వే కుటుంబాల ఇళ్ళనుంచి వచ్చాయంటూ యజమాని కొన్ని 78 రికార్డులు చూపించారు. వాటి గాడి వెడల్పు కనుక ఎల్పీ ముల్లు సరిపోదు. ఆయన ముల్లు మార్చి మరీ వినిపించారు. అవి లక్కతో చేసినవి కాబట్టి స్పిరిటు తగిలితే పాడవుతాయని హెచ్చరించి, తడి పిండిన మెత్తని గుడ్డతోనే తుడిచి ఇచ్చారు. ఇంత శ్రద్ధ పెద్ద ఊళ్ళలోని దుకాణాల్లోనూ నాకు ఎదురుపడలేదు.

లోపాలూ ఉన్నాయి. జాజ్‌కు వేరే అర లేదు, ఇంగ్లిష్ రికార్డులన్నీ కలిసే ఉంటాయి. జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ ఆల్బమ్ ‘టైమ్ ఔట్’ నాకు డిస్కో పాటల మధ్య దొరికింది. ఖండచాపుకు అలవాటుపడిన మనవాళ్ళకు అందులోని ‘టేక్ ఫైవ్’ అయిదు మాత్రల నడక వెంటనే ఒంటబడుతుంది కాబట్టి, జాజ్‌లో తొలి రికార్డుగా దాన్నే సూచిస్తాను. థెలోనియస్ మంక్, చార్లెస్ మింగస్ వంటి జాజ్ విద్వాంసుల రికార్డులు మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. పాత రికార్డుల్లో చాలావాటికి లోపలి కవర్లు లేవు, వెంట తీసుకువెళ్ళడం మంచిది. కొత్త ముద్రణల ధర బయటికంటే తక్కువేమీ కాదు.

టర్న్‌టేబుల్ బెల్టు మార్చడం, ముల్లు బరువు సరిచేయడం కూడా చేస్తారు, పని నిదానంగా, నికరంగా ఉంటుంది. మే నెలలో వెళ్ళేవారు కొన్న రికార్డును కారులో వదలకుండా నేరుగా ఇంటికి తీసుకువెళ్ళి నిలువుగా పెట్టాలి. సాయంత్రాలు రిపేర్ల రద్దీ ఉంటుంది కనుక పొద్దుటి పూట వెళ్ళి, సినిమా పాటల బీరువా పక్కన ఇంగ్లిష్ రికార్డులుండే కింది అరను అడిగి తీయించుకోండి.