బోల్తాపడిన జీపును లేపిన ఆటోనగర్ రికవరీ సర్వీసు: మా అనుభవం

గత అక్టోబరులో జి.కొండూరు దగ్గర మా మామిడి తోటకు వెళ్లే అడవి దారిలో మా డీజిల్ థార్ జీపు ఎడమ పక్కకు బోల్తాపడింది. దానిని లేపి, ఇంజన్ చెడకుండా విజయవాడ చేర్చింది జవహర్ ఆటోనగర్ నుంచి వచ్చిన ముగ్గురు మనుషుల రికవరీ బృందం. వాళ్ల పని ఎలా ఉందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి అవసరం పడినప్పుడు ఎవరిని పిలవాలో, వచ్చినవాళ్లు చేస్తున్నది సరైనదో కాదో తెలియక మేము ఆ ఉదయం చాలా కంగారుపడ్డాము. వీళ్లు చవకగా చేయరు, తొందరగానూ చేయరు. ఆ తొందర లేకపోవడమే నాకు బాగా నచ్చింది.

వాన వెలిసిన మర్నాడు ఉదయం మా మేనల్లుడు ఒక్కడే బండి నడుపుతున్నాడు. కొండవాలును తొలిచి వేసిన ఎర్రమట్టి దారి అది. ఎదురొచ్చిన ట్రాక్టరుకు తోవ ఇవ్వబోయి నీళ్లకు నానిన ఎడమ అంచు మీదికి చక్రాలు దించాడు, మట్టి జారింది, బండి ఎడమ తలుపుల మీద పడుకుంది. టాపు పల్లం వైపు, చక్రాలు కొండ వైపు ఉన్నాయి. వాడు కుడి సీట్లో బెల్టుకు వేలాడుతూనే తాళం చెవి తిప్పి ఇంజన్ ఆపాడు, కాళ్లు గట్టిగా తన్నిపెట్టి, ఒక చేత్తో పక్క సీటును ఆనుకుని, ఆ తరువాతే బెల్టు విప్పుకుని పై తలుపులోంచి బయటపడ్డాడు. ముందే బెల్టు నొక్కి ఉంటే నెత్తి మీదో మెడ మీదో పడేవాడు. మోచేతికి గీత తప్ప దెబ్బలేమీ తగలలేదు.

నేను ఫోన్ చేసినప్పుడు ఆ బృందం మేస్త్రీ ధర మాట ఎత్తకుండా, ‘‘ముందు మనుషుల సంగతి చెప్పండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి చెయ్యండి, బండి సంగతి తరవాత’’ అన్నారు. ఇంజన్ ఆగిందా, డీజిల్ వాసన వస్తోందా అని అడిగారు. దగ్గరలో ఎవరూ బీడీ వెలిగించకూడదని, బండికి పల్లం వైపు ఒక్కరు కూడా నిలబడకూడదని గట్టిగా చెప్పి, మూడు పక్కల నుంచి ఫొటోలు పంపమన్నారు. ఆ దారి రిజర్వు ఫారెస్టు అంచు వెంట పోతుంది కాబట్టి అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు కబురు చెప్పమని కూడా ఆయనే గుర్తు చేశారు. ఆ కంగారులో నాకది తట్టనే లేదు.

వీళ్లు వచ్చేలోగా తోటల వాళ్లు మంచి మనసుతోనే ట్రాక్టరు తెచ్చి, గొలుసు వేసి ఒక్క ఊపున లాగేద్దామన్నారు. మేస్త్రీ ఫోనులోనే వద్దన్నారు. సాగని గొలుసును ఊపుతో గుంజితే తెగిన ముక్క తుపాకి గుండులా వస్తుందని, ట్రాలీ తగిలించే గుండు కొక్కేనికి కట్టి లాగితే అది విరిగి మనుషుల ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయని చెప్పారు. సాయం చేయడానికి వచ్చినవాళ్లను వెనక్కి పంపడం నాకు చాలా కష్టమనిపించింది, కానీ ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

బృందం వచ్చాక గంటన్నర సేపు బండిని అంగుళం కూడా కదపలేదు. మొదట బ్యాటరీ నెగటివ్ తీగ విప్పారు. తరువాత, బండి ఇంకా పల్లానికి జారకుండా ముందూ వెనకా చాసిస్‌కు రెండు బెల్టులు వేసి కొండ వైపు చెట్లకు బిగించారు. లాగడానికి ఎంచుకున్న చింతచెట్టును మేస్త్రీ ఊపి చూసి, మొదట్లో మట్టి కాలితో తవ్వి వేళ్లు చూసి, అప్పుడు మొదలుకు వీలైనంత కిందగా వెడల్పాటి బెల్టు చుట్టారు. ఇనుప తాడును నేరుగా చెట్టుకు చుడితే బెరడు తెగి చెట్టు చచ్చిపోవచ్చు. వారం తరువాత వెళ్లి చూస్తే ఆ చింత మీద చిన్న గీత కూడా లేదు.

వాళ్ల బండి దారి మీదే నిలబడాలి, మా బండిని మాత్రం కొండ వైపుకు లాగాలి. అందుకని చింతచెట్టుకు కప్పీ కట్టి, వించ్ (తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ లాగే యంత్రం) తాడును దాని మీదుగా మళ్లించి, మా బండి కుడి పక్క, అంటే పైకి లేచి ఉన్న పక్క, చాసిస్‌కు తగిలించారు. ఇలా తాడును మళ్లించినప్పుడు చెట్టు మీద రెండు పాయల లాగుడూ కలిసి పడుతుందని, పాయలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే అది దాదాపు రెట్టింపవుతుందని, అందుకే చెట్టును అంతసేపు చూశానని ఆయన నాకు విప్పి చెప్పారు. వించ్ మీద 12,000 పౌండ్లని, అంటే దాదాపు 5.4 టన్నులని రాసి ఉంది. అయితే ఆ అంకె డ్రమ్ము మీద తాడు చుట్టుకునే మొదటి వరసకే వర్తిస్తుంది, పైన వరసలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. మా ఉత్త బండే పదిహేడు, పద్దెనిమిది క్వింటాళ్లుంటుంది కాబట్టి ఈ లెక్కలు అవసరమే. తాళ్లను, బెల్టులను కలిపే ఇనుప షాకిళ్లన్నిటి మీదా 4.75 టన్నుల ముద్ర ఉంది. పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పడం నేను దగ్గరుండి చూశాను.

సాగే బెల్టు కూడా వాళ్ల దగ్గర ఉంది, కానీ దాన్ని బయటికి తీయలేదు. అది బురదలో కూరుకుపోయిన బండిని ఊపుతో లాగడానికి పనికొస్తుందని, పడుకున్న బండికి ఊపు పనికిరాదని చెప్పారు. నాకు అన్నిటికంటే నచ్చింది వెనక తాడు. బండి లేస్తూ లేస్తూ ఒక చోటికి వచ్చేసరికి దాని బరువు అటు తిరిగి, దభాలున చక్రాల మీద పడుతుంది, అక్కడే సస్పెన్షన్ విరుగుతుంది. అది జరగకుండా బండికి కట్టిన ఇంకో తాడును పల్లం వైపు చెట్టుకు చుట్టి, బండి లేచేకొద్దీ కుర్రవాడొకడు దూరంగా నిలబడి ఆ తాడును కొంచెం కొంచెంగా వదిలాడు. లాగే తాడు మీద తడి గోనెపట్టా వేశారు. మమ్మల్ని తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం పంపించారు. అసలు లాగుడు పది నిమిషాల్లో అయిపోయింది. బండి నాలుగు చక్రాల మీద దిగినప్పుడు వచ్చిన చప్పుడు, మంచం మీద బియ్యం బస్తా దించినంతే.

మా మేనల్లుడు వెంటనే స్టార్ట్ చేయబోతే మేస్త్రీ తాళం చెవి తీసుకుని జేబులో వేసుకున్నారు. పక్కకు పడుకున్న ఇంజన్లో ఆయిల్ సిలిండర్లలోకి చేరవచ్చు. ఆయిల్ నలగదు కాబట్టి సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, అప్పుడు ఇంజన్ విప్పక తప్పదు. సిలిండర్లను వేడి చేసే నాలుగు గ్లో ప్లగ్గులూ విప్పి, రంధ్రాల ముందు పాత తెల్ల పంచె పట్టి, బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి సెల్ఫ్ తిప్పితే, రెండో రంధ్రంలోంచి నల్లటి ఆయిల్ చిమ్మి అరచేయంత మచ్చ పడింది. ఆ మచ్చ చూశాక వాళ్లడిగిన డబ్బు నాకు ఎక్కువనిపించలేదు. ఆ తరువాత కూడా బండిని నడపనివ్వకుండా, బ్రేక్ ఆయిలు, స్టీరింగు చూసేదాకా వద్దని, లారీ మీద వేసి ఇబ్రహీంపట్నం మీదుగా ఆటోనగర్‌కు చేర్చారు.

లోపాలూ ఉన్నాయి. రెండు గంటల్లో వస్తామని మూడున్నర గంటల తరువాత వచ్చారు. బండిని లేపినందుకు 14,500 రూపాయలు తీసుకున్నారు. లారీ బాడుగ అందులో కలిసి లేదని ముందు చెప్పలేదు, చివర్లో ఇంకో 4,000 విడిగా అడిగారు. వీళ్లను పిలిచేవారు ఫోనులోనే లారీ బాడుగ, ఆగినంతసేపటి చార్జీ, రాత్రి రేటు విడివిడిగా అడిగి రాయించుకోవాలి. కారిన డీజిల్ మీద చల్లడానికి ఇసుక గానీ రంపపు పొట్టు గానీ వాళ్లు తేలేదు, మేమే దోసిళ్లతో పొడిమట్టి పోశాము. అడవిలో పనిచేసేవాళ్లు ఒక బస్తా వెంట ఉంచుకోవాలని మేస్త్రీతో చెప్పాను, సరేనన్నారు. బిల్లు కూడా మొదట చిన్న చీటీ మీద రాసిచ్చారు. ఇన్సూరెన్స్ సర్వేయరు అది చెల్లదన్నాక మళ్లీ వెళ్లి అడిగితే జీఎస్టీ బిల్లు ఇచ్చారు, దానితోపాటు బండిని కదపకముందు తాము తీసిన పదకొండు ఫొటోలూ పంపారు. సర్వేయరు ముందు అడిగింది ఆ ఫొటోలనే.