దవడ సర్జరీకి 'లైఫ్‌టైమ్ గ్యారంటీ' అంటే నమ్మకండి

హైదరాబాద్‌లో దవడ సర్జరీకి ప్యాకేజీ మాట్లాడుకుంటున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. మా తమ్ముడికి కింది దవడ ముందుకు ఉండేది. కూకట్‌పల్లి వైపు ఒక క్లినిక్ వాళ్లు పదిహేడేళ్లకే ఆపరేషన్ చేసి వెనక్కి జరిపారు. "టైటానియం ప్లేట్లు వేస్తాం, ఇక కదిలే ప్రశ్నే లేదు, లైఫ్‌టైమ్ గ్యారంటీ" అన్నారు.

ఇప్పుడు కింది పళ్లు మళ్లీ పై పళ్లను దాటి ముందుకొచ్చాయి. పెసరట్టు ముక్క కూడా ముందు పళ్లతో తెగదు, దవడ పళ్ల కిందికి తోసుకుని లాక్కుంటాడు. అడిగితే "ఎముక పెరిగితే మేమేం చేస్తామండీ" అట! ఆ ముక్కేదో డబ్బు కట్టించుకోకముందే చెప్పొచ్చుగా.

ప్లేట్ల పని ఎముక అతుక్కునేదాకా ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచడం. ఆ తర్వాత దవడ పెరిగితే అవి ఆపలేవు. మగపిల్లల్లో కింది దవడ పద్దెనిమిది దాటాక కూడా పెరగొచ్చు. అందుకే నెలల తేడాతో తలను పక్కనుంచి చూపే సెఫలోగ్రామ్ ఎక్స్‌రేలు (దవడ కొలతలు చూసేవి) తీసి, పోల్చి చూసి, పెరుగుదల ఆగిందని తేలాకే ఆపరేషన్ పెట్టుకోవాలి. మావాడికి తీసింది ఒక్కటే.

పైగా అన్ని దవడ సర్జరీలూ ఒకేలా నిలబడవు. అమెరికాలో ప్రాఫిట్ అనే దంతవైద్యుడి బృందం 1996లో, మళ్లీ 2007లో ఏది ఎంత నిలుస్తుందో వరుస పెట్టి చూపింది. పై దవడను పైకి జరిపితే బాగా నిలుస్తుంది. కింది దవడను వెనక్కి నెట్టడం, పై దవడను కిందికి దించడం అంత నమ్మకం కాదు. పై దవడను వెడల్పు చేస్తే అది నిలవడం అన్నిటికంటే కష్టం. కాబట్టి ఏ దవడ, ఎటు, ఎన్ని మిల్లీమీటర్లు అని గట్టిగా అడగండి. జవాబు చెప్పకుండా ఎవరివో 'ముందు, తర్వాత' ఫొటోలు చూపిస్తే లేచి వచ్చేయండి. ఆ 'తర్వాత' ఎన్ని నెలలకో ఎవరూ చెప్పరు.

సర్జరీ తర్వాత క్లిప్పులు, రిటైనర్లు (పళ్లు మళ్లీ జరగకుండా పెట్టుకునేవి) ప్యాకేజీలో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. మాకు విడిగా బిల్లు వేశారు. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే 2019 చట్టం ప్రకారం 2 ఏళ్లే గడువు. ఎక్స్‌రేల కాపీలు మాత్రం డిశ్చార్జ్ రోజే చేతిలో పెట్టించుకోండి. మా ఫైలు అడిగితే "సార్ ఊళ్లో లేరు" అంటూ ఇప్పటికీ తిప్పుతున్నారు.