శ్రీకాకుళంలో ఐదు సాయంత్రాల కర్మ సిద్ధాంత తరగతులు: ఒక సమీక్ష

మన ఇళ్లలో ‘కర్మ’ కంటే ‘ఖర్మ’ అనే మాటే ఎక్కువగా వినబడుతుంది. బస్సు తప్పిపోయినా, పిల్లవాడు పరీక్ష తప్పినా నుదురు తట్టుకొని ‘నా ఖర్మ’ అంటాము. గత నెల శ్రీకాకుళంలో జరిగిన ఈ తరగతులకు 300 రూపాయలు కట్టి చేరినప్పుడు, ఆ వత్తు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా చెబుతారేమోనన్న కుతూహలమే నాకు ఎక్కువగా ఉండేది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు గానీ, కర్మ అంటే ముందుగా ‘చేసే పని’ అని, అనుభవించే బాధ ఆ మాటకు తర్వాత అంటుకున్న అర్థమని మొదటి గంటలోనే స్పష్టం చేశారు.

బోధించినవారు సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకులు. రెండవ రోజు ఆయన ఒక గుడ్డసంచిలోని ధాన్యాన్ని బల్ల మీద మూడు కుప్పలుగా పోసి, తాలు గింజలను వేలితో పక్కకు జరుపుతూ పాఠం మొదలుపెట్టారు. కర్మ మూడు రకాలు. గాదెలో నిల్వ ఉన్న ధాన్యం సంచితం, అంటే గత జన్మల నుంచి పోగుపడిన కర్మ. అందులో నుంచి తీసి ఈ పూటకు వండుకున్నది ప్రారబ్ధం, అంటే ఈ జన్మలో అనుభవిస్తున్న భాగం. ఇప్పుడు పొలంలో పండించుకుంటున్నది ఆగామి, అంటే ఇప్పుడు చేస్తూ ముందుముందు ఫలం అందుకోబోయే కర్మ. అంబులపొదిలోని బాణాలు, విడిచిన బాణం, ఎక్కుపెట్టిన బాణం అనే పోలికను నేను ఇదివరకు విన్నాను గానీ, ఎదలు (వరి విత్తనాలు) జల్లి ఉభాలకు (నాట్లకు) ఎదురుచూసే మన జిల్లా వాళ్లకు ఈ గాదె పోలికే ఒంటబడుతుంది. వండిన అన్నాన్ని మళ్లీ ధాన్యం చేయలేము, కానీ వచ్చే పంటకు తాలు ఏరివేయడం మాత్రం ఇంకా మన చేతిలోనే ఉందని ఆయన చెప్పినప్పుడు వెనుక వరుసలోని వాళ్లు కూడా ముందుకు వంగి చూశారు.

వెంటనే పలాస వైపు నుంచి వచ్చిన ఒక రైతు లేచి, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు తన తండ్రి నాటిన కొబ్బరి చెట్లన్నీ ఒక్క పూటలో నేలకూలాయని, మంచి మొక్క నాటి శ్రద్ధగా పెంచిన దానికి ఫలితం అదేనా అని అడిగారు. ఈ తరగతులకు నేను మంచి మార్కులు వేయడానికి దీనికి వచ్చిన జవాబే మొదటి కారణం. భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం ఏ పనికైనా ఐదు కారణాలను లెక్కిస్తుంది: అధిష్ఠానం (పనికి ఆధారమైన శరీరం), కర్త (చేసేవాడు), కరణాలు (ఇంద్రియాల వంటి సాధనాలు), రకరకాల చేష్టలు, దైవం. చేసేవాడు ఆ ఐదింటిలో ఒకడు మాత్రమే కాబట్టి, ఫలితం చెడిన ప్రతిచోటా కర్తలోనే దోషం వెదకడం ఆ శ్లోకానికే విరుద్ధమని అధ్యాపకులు వివరించారు.

ఆ ధైర్యంతో మూడవ రోజు నేనూ అడిగాను. మాది కవిటి వైపు. మా పెదనాన్నగారు మూడేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. చూడడానికి వచ్చేవారు మంచం పక్కనే కూర్చుని ‘ఏ జన్మలో ఏం చేసుకున్నారో’ అని నిట్టూరుస్తుంటే ఆయన గోడవైపు తిరిగి పడుకుంటారు. అధ్యాపకులు కొంతసేపు మౌనంగా ఉండి, ప్రారబ్ధమన్న మాట తన కష్టాన్ని తాను ఓర్చుకోవడానికి పనికివస్తుందే తప్ప, ఎదుటివారి మంచం దగ్గర పలకవలసినది కాదన్నారు. నేను దానికి ఒక్కటి కలుపుతాను. కవిటి, పలాస ఉన్న మా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. అయినా 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది. ఊరంతా తలరాతని సరిపెట్టుకొని ఉంటే, ఎవరూ అడగకపోతే, ఇవి వచ్చేవా?

నాలుగవ రోజు మాత్రం నిరాశ కలిగించింది. అధ్యాపకులు రాలేదు. ఆయన బదులు వచ్చిన పెద్దమనిషి ఏ గ్రహానికి ఏ పాపమో వరుసగా చెప్పి, చివరికి 1,116 రూపాయలకు దోషనివారణ యంత్రాలు అమ్మకానికి పెట్టారు. మూడు రోజులు కష్టపడి కట్టిన వాదాన్ని గంటలో కూల్చడమంటే ఇదే. నిర్వాహకులు ఇచ్చిన చిన్న పుస్తకంలో ‘ఆగామి’ కాస్తా అన్నిచోట్లా ‘ఆగమి’ అయింది. ఆ రోజు చికాకులో అది కూడా కంటికి పెద్దగానే కనిపించింది.

ఐదవ రోజు తిరిగి వచ్చిన అధ్యాపకులు ‘కర్మణ్యేవాధికారస్తే’ శ్లోకానికి అరగంట కేటాయించారు. అందరమూ మొదటి రెండు పాదాలు అప్పజెప్పి ఆగిపోతాము. పని మానుకోవడం మీద మక్కువ పెంచుకోవద్దన్న నాలుగవ పాదాన్ని ఎవరూ తలచుకోరు. వంశధార ఒడ్డున శాలిహుండంలో నివసించిన బౌద్ధ భిక్షువులు కర్మను ఎలా చూశారన్నది కూడా ఎత్తారు. బుద్ధుడు సంకల్పాన్నే కర్మ అన్నాడని చెప్పి సమయం చాలక అక్కడే వదిలేశారు. పురుగును తెలిసి తొక్కినదానికీ తెలియక తొక్కినదానికీ తేడా ఎంతన్న ఆ చర్చకు మరొక సాయంత్రం దక్కవలసింది.

నాలుగవ రోజును మినహాయిస్తే కట్టిన రుసుముకు న్యాయం జరిగింది. తర్వాతి విడత విజయనగరంలో పెడతామంటున్నారు. ఇక్కడ హాలు రెండవ అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. డయాలసిస్ లేని రోజు చూసుకొని పెదనాన్నగారిని మూడవ రోజు పాఠానికి తీసుకువచ్చినా, మొదటి మలుపు దగ్గరే ఆయాసపడి మెట్ల మీద కూర్చుండిపోయారు. అక్కడికి మైకు వినబడింది కాబట్టి నా ప్రశ్నకు జవాబు మాత్రం ఆయన విన్నారు.